రిటర్న్ డేట్

ఝాన్సీ,
3 జూన్ 2024

కిరణ్మయికి,

చెవిటి బావ ఆశీస్సులు అని మొదలుపెడదామనుకున్నాను. నాకంటే నాలుగేళ్లు చిన్నదానివి, నీకు ఆశీస్సులేమిటని వెక్కిరిస్తావని మానేశాను. ఎలా ఉన్నావు? అత్త పోయాక ఇదే మొదటి ఎండాకాలం కదా. ఆ నిమ్‌పురా క్వార్టర్లో ఒక్కదానివీ ఎలా వేగుతున్నావో అని టీ తాగేటప్పుడల్లా అనుకుంటాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో నీ గొంతు నాకు వంతెన మీద బండి పోతున్నట్టు వినిపిస్తుంది. చెవిలో పెట్టుకునే మిషను ఈల వేస్తుంది. వాట్సాప్‌లో వాచీల లోపలి బొమ్మలు తప్ప ఇంకేమీ పంపడం చేతకాదని నువ్వే తిట్టావు. అందుకే ఈ పార్శిలూ, ఈ ఉత్తరమూ.

పెట్టెలో ఉన్నది మావయ్య ఇచ్చిన వాచీ. వర్క్‌షాపులో మావయ్య పై అధికారి టోని దొర ఆస్ట్రేలియాలో కూతురి దగ్గరికి వెళ్లిపోతూ మావయ్యకి ఇచ్చాడు కదా, అదే. మావయ్య ఒక్కరోజు కూడా పెట్టుకోలేదు. నేను బదిలీ మీద ఇక్కడికి వస్తున్నప్పుడు ప్లాట్‌ఫారం మీద నా చేతికి కట్టాడు. పోయిన నెల ఆగిపోయింది. ఊపితే కాసేపు నడిచి మళ్లీ మొరాయిస్తోంది. ఢిల్లీలో బాగుచేసేవాళ్లు లేకపోలేదు. కానీ ఆఖరిసారి దీన్ని మావయ్య ఎదురుగా విప్పి మూసింది గోల్‌బజార్ సొలొమోను గారు. మళ్లీ ఆయన చెయ్యే పడాలని నా పట్టుదల.

నా పిచ్చి నీకు తెలుసు. బ్యాటరీ వాచీలు వచ్చి, ఇంక స్ప్రింగు వాచీల పని అయిపోయిందని లోకమంతా తీర్మానించేశాక కూడా, కొందరు మొండిగా కూర్చుని ఒక ఇరవై ఏళ్లపాటు చాలా గొప్ప వాచీలు చేశారు. తాతల కాలం వాచీల వెనక పడేవాళ్లు వేరు, కొత్తవాటి కోసం దుకాణాల ముందు వరస కట్టేవాళ్లు వేరు. ఈ మధ్యకాలంవి ఎవరికీ పట్టవు. నాకు అవే కావాలి. ఇంట్లో ఇప్పుడు ఒక సొరుగు నిండా ఉన్నాయి. వాటన్నిటికీ పెద్ద ఇదే.

సొలొమోను గారితో గట్టిగా చెప్పు. పైన గీతలు తుడిచి మెరుగు పెట్టొద్దు. ముళ్ల మీద పూసిన రంగు ముట్టుకోవద్దు. అది ఒకప్పుడు తెల్లగా ఉండి చీకట్లో వెలిగేది. ఇప్పుడు వెలగదు, మీగడ రంగుకి తిరిగింది. మా వాచీలవాళ్లు ఆ రంగుకే ప్రాణం పెడతారు.

ఒక పని మాత్రం నువ్వే చెయ్యాలి. బాగయ్యాక చెవి దగ్గర పెట్టుకుని విని, చప్పుడు ఎలా ఉందో నాకు రాయి. నేను ఎలాగూ వినలేను.

బావ
మోహనకృష్ణ

నిమ్‌పురా, ఖరగ్‌పూర్,
16 జూన్ 2024

బావకి నీ పొడుగు నాలుక మరదలు రాస్తున్నది,

పార్శిల్ అందింది. అన్ని గుడ్డలు చుట్టావేమిటి, పసిపిల్లని పంపినట్టు? విప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. ఇక్కడ ఎండ సంగతి అడక్కు. ఆఫీసులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, గాలి మాత్రం రాదు. మా స్టోర్స్ సెక్షన్లో స్వర్ణకుమారి రిటైరైపోయింది. ఇప్పుడు నేనే అందరికంటే పెద్దదాన్నట, కొత్త పిల్లలు మాసీ అంటున్నారు. మధ్యకాలంవి ఎవరికీ పట్టవు అని రాశావు చూడు, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టుంది.

ఆఫీసు వదిలాక గోల్‌బజార్ వెళ్లాను. సొలొమోను గారు ముసలివాడైపోయాడు కానీ చెయ్యి వణకడం లేదు. వాచీ చూడగానే గుర్తుపట్టాడు. "ఇది మీ నాన్న నూకయ్య గారి వాచీ గదేటమ్మా, ఇన్నాల్టికి వొచ్చిందేటి?" అన్నాడు. మెరుగు పెడతానని సరదాపడ్డాడు కూడా. నీ మాట చెప్పి ఆపాను. అంచు మీద పెద్ద గీత ఒకటుంది కదా, అది నువ్వు ఆ రోజు బండెక్కుతుంటే తలుపు కడ్డీకి తగిలి పడింది. నువ్వు చూసుకోలేదు. నేను చూశాను. దాన్ని తుడవనిస్తానా?

వెనక మూత విప్పి, కంటికి పెట్టుకునే అద్దం నాకిచ్చి చూడమన్నాడు. మూత లోపలివైపు నాన్న అక్షరాలున్నాయి బావా. వ్యాగన్ల మీద వేసినట్టే వేశాడు. కేజీపీడబ్ల్యూ అని మన వర్క్‌షాపు గుర్తు, కింద ఓవర్‌హాల్ చేసిన డేటు, దాని పక్కన రిటర్న్ డేట్. ముప్ఫై ఏళ్లు పెయింట్ షాపులో అదే పని కదా ఆయనకి. బాగుచేసి పంపే ప్రతి బండి మీదా, మళ్లీ ఎప్పుడు షాపుకి తిరిగి రావాలో రాసి పంపడం. ఆ అలవాటు ఇంట్లోకీ తెచ్చి స్టవ్వుకీ, ఫ్యానుకీ, ఆఖరికి నా కాలేజీ గొడుగుకీ రిటర్న్ డేట్ వేశాడు. ఆ గొడుగు పట్టుకుని నడిచినందుకు తాల్‌బగీచా పిల్లలందరూ నన్ను గూడ్సుబండీ అని పిలిచేవాళ్లు.

ఈ వాచీ రిటర్న్ డేట్ ఎప్పుడో దాటిపోయింది. ఆ సంగతి నీకు తెలుసా? తెలిసే ఊరుకున్నావా? సొలొమోను గారు ఒక మాట చెప్పారు. అది రాసేముందు నీ జవాబు నాకు కావాలి. నీ వాచీలన్నిటి లోపలి బొమ్మలూ పంపిస్తావు కాబట్టి, దీని మూత కూడా విప్పి చూసే ఉంటావనుకుంటున్నాను. దాచకుండా రాయి.

కిరణ్మయి

ఝాన్సీ,
27 జూన్ 2024

కిరణ్మయికి,

గూడ్సుబండి మాట చదివి ఒక్కడినే గట్టిగా నవ్వాను. పక్క క్వార్టర్ తివారీ గారి భార్య తలుపు తీసి చూసి వెళ్లింది. నా నవ్వు నాకు వినిపించదు కాబట్టి ఎంత గట్టిగా నవ్వుతున్నానో తెలియదు.

రిటర్న్ డేట్ దాటిందని నాకు తెలియదా? తెలుసు. తెలిసే ఊరుకున్నాను. నడుస్తోంది కదా, దాన్ని కదిపి పాడుచేసుకోవడం ఎందుకు అనిపించేది. వచ్చే ఏడు చూద్దాం, పైయేడు చూద్దాం అనుకుంటూనే ఇన్నేళ్లు గడిపేశాను. నువ్వు అంత గట్టిగా అడగాల్సిందేముంది? మావయ్య సంగతి తెలిసిందే, చేతికి దొరికినదానికల్లా డేటు వేసేవాడు. గొడుగుకి వేసినాయన వాచీకి వెయ్యడా?

సొలొమోను గారిని కాస్త తొందరపెట్టు. రాధారాణి గారికి మాటిచ్చేశాను. అగ్రహాయణం దాకా ఆగలేనన్నారు, సెప్టెంబరులోనే ఢిల్లీలో అందరినీ పిలుస్తున్నారు. ఆ రోజు మావయ్య వాచీ నా చేతికి లేకపోతే బాగుండదు. అంతమందిలో నన్ను తలెత్తుకునేలా చేసేది అదొక్కటే.

చప్పుడు ఎలా ఉందో నువ్వు రాయలేదు. ఎదురుచూస్తూ ఉంటాను.

బావ

నిమ్‌పురా,
9 జూలై 2024

మోహనకృష్ణ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. వాచీ బాగైంది. లోపల నూనె ఎండిపోయిందట, అంతకుమించి లోపమేమీ లేదన్నారు సొలొమోను గారు. ఆయనే జాగ్రత్తగా చుట్టి నెలాఖరుకి పార్శిల్ చేస్తారు. సెప్టెంబరుకి ఎంతో ముందే మీ చేతికి వస్తుంది.

రాధారాణి గారికి నా నమస్కారాలు చెప్పండి. ఈ వయసులోనైనా మీకొక తోడు దొరికినందుకు సంతోషమే. పిలుపు పంపాలని మొహమాటపడకండి. నాకు సెలవు దొరకదు.

దాచకుండా రాయమన్నాను, దాచకుండానే రాశారు. నడుస్తోంది కదా, కదిపి పాడుచేసుకోవడం ఎందుకు అనుకున్నారు. నిజమే. మీకు నడిచింది. ఇక్కడ ఎలా నడిచిందో మీరు అడగలేదు, నేను చెప్పలేదు. అమ్మ మంచాన పడ్డ ఏళ్లన్నిట్లో, సెలవులకి మీరు వచ్చి కూర్చుని వెళ్లిన ప్రతిసారీ, ఈయన మనసులో ఏమీ లేదు కాబోలు అని సర్దిచెప్పుకున్నాను. అలా అనుకున్నన్నాళ్లూ బాగానే ఉంది. నాన్న రాసింది చదివి కూడా ఊరుకున్నారని ఇప్పుడు తెలిసింది. దానికి సర్దిచెప్పుకోవడం నాకు రావడం లేదు.

గొడుగుకి వేసినట్టే వేశాడన్నారు. వేసింది నేను కాగితం మీద దింపి పంపుతున్నాను, మరొకసారి చూసుకోండి. ఓవర్‌హాల్ ఆగస్టు 2002. రిటర్న్ ఫిబ్రవరి 2003. గొడుగుకి కూడా మా నాన్న రెండేళ్లు గడువిచ్చాడు.

రిటర్న్ డేట్ వెయ్యనిది ఇక పనికిరాదని కండెం చేసేసిన బండికి ఒక్కదానికే అని ఆయన అంటుండేవాడు. ఆయనకి మీరు కండెం బండి కాదు. అంతవరకే చెప్పగలను.

కిరణ్మయి

ఝాన్సీ,
18 జూలై 2024

కిరణ్,

మీరు అని రాశావు. మోహనకృష్ణ గారు అని రాశావు. మొదట ఎవరిదో ఉత్తరం నాకు వచ్చిందనుకుని కవరు తిరగేసి చూశాను.

ముందు రాధారాణి గారి సంగతి. ఆవిడకి డెబ్బై దాటాయి. భర్త పోతూ వదిలిన వాచీలు ఆవిడ చూసుకుంటోంది, మాలాంటి పిచ్చివాళ్లందరినీ ఏడాదికొకసారి ఇంటికి పిలిచి భోజనం పెడుతుంది. అందరం మా వాచీలు బల్లమీద పెట్టి చూపించుకుంటాం. మావయ్య వాచీ తెచ్చి చూపిస్తానని మాటిచ్చాను. నేనిచ్చిన మాట అంతే. బెంగాలీ ఆవిడ కాబట్టి అగ్రహాయణం అంటే నువ్వు పెళ్లినెల అనుకున్నావు. ప్రతి ఏడూ అప్పుడే పిలిచేది, ఈసారి కంటి ఆపరేషన్ ఉందని ముందుకి జరిపింది. చెవులు నాకు కదా పోయింది, నీకేమైంది?

ఇది హాస్యానికి రాయలేదు. అసలు సంగతికి రావడానికి భయపడి రాశాను.

కిరణ్, నేను ఆ మూత ఎప్పుడూ విప్పలేదు. నావి అన్నీ విప్పాను, ఇదొక్కటీ విప్పలేదు. మావయ్య మూయించి ఇచ్చింది ఇంకొకరి చేతిలో పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. మా వాళ్లలో అది గొప్ప కూడా. దీని లోపల ఇన్నేళ్లుగా ఎవరి చెయ్యీ పడలేదు అని అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి. రిటర్న్ డేట్ దాటింది, తెలుసు అని రాశానే, అది నూనె వెయ్యాల్సిన గడువు గురించి రాశాను. వాచీ సర్వీసు గురించి అడుగుతున్నావనుకున్నాను. లోపల ఏ నెల రాసి ఉందో నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు.

ఫిబ్రవరి. ఆగస్టులో విప్పి నూనె వేసిన వాచీకి ఫిబ్రవరిలో మళ్లీ పనేముంటుంది? వ్యాగన్‌కైనా ఆర్నెల్లకి రిటర్న్ వెయ్యరు. నేను బండ్లు చూసి బతుకుతున్నవాణ్ణి, ఇది చూసి ఉంటే నాకు తెలిసిపోయేది. మావయ్య పోయినప్పుడు పెద్దపనికి వచ్చి పన్నెండు రోజులూ మీ ఇంట్లోనే ఉన్నాను. ఈ వాచీ నా చేతికే ఉంది. ఆ మాట నా మణికట్టు మీద పెట్టుకుని నీ ఎదురుగా తిరిగాను.

సొలొమోను గారు ఏం చెప్పారు? అక్షరం పోకుండా రాయి. నువ్వు కోపంగా ఉన్నా సరే, మీరు అని రాసినా సరే, రాయి.

మోహన్

నిమ్‌పురా,
29 జూలై 2024

బావా,

నీ ఉత్తరం ఆఫీసులో ఇచ్చారు. అక్కడ చదవలేక స్టోర్స్ వెనక షెడ్డులోకి వెళ్లి చదివాను. కొత్త పిల్ల ఒకతి వచ్చి ఏమైంది మాసీ, ఎవరైనా పోయారా అని అడిగింది. కాదు, వచ్చారు అన్నాను. తర్వాత ఆ మాట ఎందుకన్నానా అని సిగ్గేసింది.

రాధారాణి గారి విషయంలో నేను చేసింది బుద్ధితక్కువ పనే. ఆవిడకి చెప్పకు.

సొలొమోను గారు చెప్పింది రాస్తున్నాను. వాచీ నూనె వేయించడానికి నాన్న తెచ్చాడట. మూత మూసేముందు తన పనిముట్టుతో తనే గీకుతానని పట్టుబట్టాడట. ఇదేమిటి, ఆరు నెలలకే రిటర్న్ అంటున్నావని ఈయన నవ్వితే, నాన్న ఇలా అన్నాడట: "ఆడు నోరు ఇప్పడు, మా పిల్ల అంతకంటే ఇప్పదు. నాను సెప్తే ఇద్దరూ సిగ్గుపడి సెరో పక్కకీ పారిపోతారు. బండీల పనోడు గదా, వొకనాడు మూత ఇప్పుతాడు, సదూకుంటాడు. మాగమాసంలో ఆడు వొచ్చీసినాడంటే పెళ్లి సేసేస్తాను."

అంతే అన్నాడట. పంతులు గారిని అడిగి ముహూర్తం కూడా చూసిపెట్టాడట. మాఘం రాకముందే, ఆ కార్తీకంలోనే నాన్న పోయాడు. ఏడాదిపాటు ఇంట్లో శుభకార్యం చెయ్యకూడదన్నారు. ఈలోగా నాన్న ఉద్యోగం నాకిచ్చారు, అమ్మకి పక్షవాతం వచ్చింది. నువ్వు మాఘంలో రాకపోయేసరికి, నూకయ్యగారి మాట కుర్రాడికి నచ్చలేదు కాబోలు, పిల్ల దగ్గర ఎత్తడం ఎందుకులే అని సొలొమోను గారు నోరు మూసుకున్నారు. నన్ను బజార్లో చూసినప్పుడల్లా ఊరికే తల ఊపేవారు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

నాకు నువ్వంటే ఇష్టం బావా. గొడుగు రోజుల నుంచీ. సంబంధాలు వస్తే అమ్మని వంక పెట్టి తిప్పిపంపాను. అమ్మకి తెలుసు. పోయేముందు మాట పడిపోయి, గోడ మీద నువ్వున్న ఫోటోకేసీ నాకేసీ చూసి చెయ్యి ఆడించింది. ఫోటో తీసి తుడవమంటోంది కాబోలనుకుని తుడిచి పెట్టాను. మన ఇంట్లో ఎవరికీ నోటితో చెప్పడం రాలేదు. ఒకరు మూత లోపల గీకారు, ఒకరు చెయ్యి ఆడించారు, నేను వంకాయకూర వండి నీకు రెండోసారి వడ్డించేదాన్ని. ఇంకా వేసుకో అంటే ఇంకా ఉండు అని.

ఏడుపు ఆగాక కోపం కూడా వచ్చింది. నాన్న మీద, నీ మీద, నా మీద. ఇప్పుడు అది కూడా లేదు. ఆ ఏళ్లు మాత్రం కావాలనిపిస్తోంది. ఎవరిని అడగను?

వాచీ పార్శిల్ చెయ్యొద్దని సొలొమోను గారికి చెప్పాను. ఇంకా ఆయన దుకాణంలోనే ఉంది. రూలు నీకు నేను చెప్పాలా? రిటర్న్ డేట్ దాటిన బండికి లోడు ఎక్కించరు. లేబుల్ తగిలించి షాపుకే లాక్కొస్తారు. కాబట్టి వాచీ ఇక్కడినుంచి కదలదు. రావలసింది నువ్వు. రాధారాణి గారికి నీ సొరుగులో ఇంకొకటి చూపించుకో.

చప్పుడు ఎలా ఉందో రాయమన్నావు. రాయను. వచ్చి నీ చెయ్యి ఇస్తే, అది కొట్టుకుంటున్నట్టే నీ మణికట్టు మీద నా వేలితో కొట్టి చూపిస్తాను. దానికి చెవులతో పనిలేదు.

సొలొమోను గారు ఒకటి అడుగుతున్నారు. నాన్న రాసినదాని కింద ఈసారి ఓవర్‌హాల్ డేటు గీకారు. రిటర్న్ డేట్ ఏం వెయ్యమంటారని మూత మూయకుండా కూర్చున్నారు. ఖాళీగా వదిలేస్తే కండెం బండి అయిపోతుందని నేనే ఆపాను. ఏం వెయ్యాలో నువ్వే రాయి.

కిరణ్

ఝాన్సీ,
7 ఆగస్టు 2024

కిరణ్,

ఈ ఉత్తరం వెనకే నేనూ బయలుదేరుతున్నాను. ఏది ముందు చేరుతుందో తెలియదు. నెల సెలవు పెట్టాను. ఖరగ్‌పూర్ బదిలీకి కాగితం ఇచ్చాను, అది కాకపోతే వాలంటరీ రిటైర్మెంట్‌కి ఇస్తానని మా సాహెబుకి చెప్పాను. ఆయన ఎందుకని అడిగాడు. ఓవర్‌డ్యూ అన్నాను. వ్యాగన్ సంగతి అనుకుని సంతకం పెట్టేశాడు. రాధారాణి గారికి మాత్రం ఉన్నదున్నట్టు రాశాను. వాచీ కాదు, ఆ మూత విప్పించి చదివిన మనిషిని తెచ్చి చూపించమని జవాబిచ్చింది.

స్టేషన్‌కి రాకు, ఎండగా ఉంటుంది. వస్తే ఆ గొడుగు పట్టుకురా, ఉంటే.

సొలొమోను గారి ప్రశ్నకి జవాబు. మావయ్య చెప్పినదాంట్లో సగమే నీకు గుర్తుంది. రిటర్న్ డేట్ వెయ్యనివి రెండు రకాలు. ఒకటి కండెం అయిన బండి. రెండోది, షాపు లోపలే సామాన్లు మోస్తూ తిరిగే మన సొంత బండి. అది గేటు దాటి బయటికి పోదు కాబట్టి దానికి ఎప్పుడు తిరిగి రావాలో రాయాల్సిన పని లేదు.

ఏమీ వెయ్యొద్దని చెప్పు. మూత మూసెయ్యమను.

మోహన్